కాగిన నూనె కాకినాడ చేరాలంటే

ఒడిశాలోని బరంపురంలో మార్గశిరం వచ్చిందంటే గురువారం ఏ రోజో క్యాలెండర్ చూడకుండానే చెప్పేయొచ్చు. ఒడియా ఇళ్లలో మాణబసా లక్ష్మీపూజ, నైవేద్యానికి కాకరా, ఆరిసా పిఠాలు, వీధంతా కాగే నూనె వాసన. ఆ సందడి ముగిసి నెల తిరిగేలోగా సంక్రాంతి. ఈసారి తెలుగువాళ్ల వంతు: అరిసెలు, జంతికలు, చెక్కలు. ఆరిసాకీ అరిసెకీ ఉన్న చుట్టరికం సంగతి ఎలా ఉన్నా, రెండిళ్లలోనూ పొయ్యి ఆపాక మిగిలేది ఒకటే. బాణలి అడుగున లీటరో లీటరున్నరో ముదురు రంగు నూనె, దాని కింద మాడిన బెల్లం, పిండి కలిసిన మడ్డి.

దాన్ని పారబోయడానికి చెయ్యి రాదు. మళ్లీ వేపుడికి పెడితే పొగ, కమురు వాసన. దీపానికి పనికిరాదు, వంటకు వాడిన నూనె దేవుడి ముందు పెట్టరు. కొంచెం గేటు బందులకు పోతుంది. మిగతాది స్టీలు డబ్బాలో స్టవ్ పక్కన వారం పది రోజులు కూర్చుంటుంది. రోజూ ఓ గరిటె పోపుకు వెళ్తుంది. చివరికి ఏదో ఒక పూట గిన్నెలు తోమేటప్పుడు తూములోకి జారుకుంటుంది.

ఈ నూనెతో బయోడీజిల్ చేయొచ్చు, దాంతో లారీ నడపొచ్చు అన్న మాట ఏటా ఆగస్టు 10న, ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం రోజున పేపర్లలో వస్తూనే ఉంటుంది. మాట అబద్ధం కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలోనే ఒక డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఇంటి బాణలికీ లారీ ట్యాంకుకూ మధ్య అడ్డం వస్తున్నది కెమిస్ట్రీ కాదు, డబ్బా మోసే కూలి. గంజాం జిల్లాలో, అదీ బరంపురం లాంటి ఊళ్లో, ఆ లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది.

బాణలి అంచున జిగట

ముందు నూనె చెడటం అంటే ఏమిటో చూడాలి. గారె నూనెలో పడగానే బుడగలు వస్తాయి. ఆ బుడగలు పిండిలోని నీరు ఆవిరై పోతున్న గుర్తు. ఆ నీరే వేడి నూనెను కొద్దికొద్దిగా విరగ్గొట్టి కొవ్వు ఆమ్లాలను విడుదల చేస్తుంది. గాలిలోని ఆక్సిజన్ మరో వైపు నుంచి పని చేస్తుంది, కమురు వాసన దాని పుణ్యమే. మూడోది, నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసుల్లా పెరగడం. పీచుతో ఎంత రుద్దినా పోని గోధుమ రంగు జిగట పొర బాణలి అంచున ఉంటుందే, అది ఈ అతుకుల గొలుసే. నూనె చిక్కబడి, నురగ వచ్చి, తొందరగా పొగలెక్కుతోందంటే లోపల కూడా అదే జరుగుతోందని.

ఈ చెడిపోయిన పదార్థాలన్నిటినీ కలిపి టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు. ఇవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదన్న నిబంధనను ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చింది. కొలవడానికి థర్మామీటర్ లాంటి చిన్న పరికరం ఉంది, వేడి నూనెలో ముంచితే అంకె చూపిస్తుంది. కాకపోతే దాని ధర వేలల్లో ఉంటుంది. పొద్దున్నే బరా (ఒడియా గారె), పకోడీ వేసి పదింటికల్లా బండి సర్దుకునేవాడికి రంగూ వాసనే మీటరు.

ఇంటి విషయానికొస్తే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో తెచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఒక సలహా ఉంది. ఒకసారి వేపుడికి వాడిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లోనే కూరల్లో వాడేయండి, మళ్లీ వేపుడికి మాత్రం పెట్టకండి అని. అంటే పూరీ నూనెను మర్నాడు వంకాయ కూరలో వేసే మన ఆడవాళ్ల పొదుపు తప్పేమీ కాదు. బయోడీజిల్ ప్రచారకులు ఈ ఒక్క సంగతిని తప్పించుకు తిరుగుతారు. సలహాను సరిగ్గా పాటించే ఇంట్లో మామూలు రోజుల్లో ఇవ్వడానికి నూనే మిగలదు. మిగిలేది పండగలప్పుడు, పెళ్లిళ్లప్పుడు, పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాతి లెక్కలు తేలికగా అర్థమవుతాయి.

పసుపు చెప్పే రహస్యం

నూనె అణువు ఎలా ఉంటుందంటే, ఒక గ్లిజరిన్ ముక్కకు మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాల తోకలు తగిలించినట్టు. ఆ మూడు తోకల బరువు వల్లే నూనె డీజిల్ కంటే సుమారు పది రెట్లు చిక్కన. అలాగే ఇంజిన్‌లో పోస్తే కొంతకాలం నడుస్తుంది, తర్వాత ఇంజెక్టర్ నోట్లో బొగ్గు పేరుకుని ఆగుతుంది. అందుకే తోకలను విడదీయాలి. ఆ పని మిథనాల్ అనే ఒక రకం ఆల్కహాల్ చేస్తుంది, దానికి తోడు కాస్టిక్ సోడా గానీ కాస్టిక్ పొటాష్ గానీ ఉండాలి. మిథనాల్ ఒక్కో తోకనూ పట్టుకుని వేరుచేస్తుంది. అలా వేరైన తోకలే బయోడీజిల్. గ్లిజరిన్ కిందికి దిగిపోతుంది.

చేతల్లో చూస్తే ఇలా ఉంటుంది. నూనెను గుడ్డలో వడగట్టి, వేడి చేసి నీరంతా పోగొడతారు. నూరు లీటర్ల నూనెకు సుమారు ఇరవై లీటర్ల మిథనాల్. అరవై డిగ్రీల దగ్గర ఓ గంట కలుపుతారు. మిథనాల్ 65 డిగ్రీల లోపే మరిగిపోతుంది కాబట్టి అంతకు మించి వేడి పెట్టరు. రాత్రంతా కదపకుండా వదిలేస్తే తెల్లారేసరికి రెండు పొరలు. అడుగున బెల్లం పాకంలా నల్లటి గ్లిజరిన్, నూనెలో పదో వంతు బరువు. పైన తేనె రంగులో పల్చని ద్రవం. దాన్ని నీళ్లతో కడిగి, ఆరబెడితే పని అయినట్టే.

తంటా అంతా ఎక్కువసార్లు కాగిన నూనెతోనే. గారెల నీరు విడుదల చేసిన కొవ్వు ఆమ్లాలు కాస్టిక్ సోడాను చూడగానే దాన్ని పట్టుకుని సబ్బు అయిపోతాయి. సబ్బు పడితే రెండు పొరలు విడిపోవు, మొత్తం పెరుగులా తోడుకుంటుంది. అందుకే ముందు ఎంత ఆమ్లం ఉందో కొలవాలి. ల్యాబుల్లో దీనికి రంగు మారి చూపించే ఫినాఫ్తలీన్ వాడతారు. చిన్న ఎత్తున చేసేవాళ్లకు వంటింటి పసుపే చాలు. పసుపుకు సున్నం తగిలితే పారాణి ఎర్రబడినట్టే, క్షారం ఎక్కువైన క్షణాన పసుపు ఎరుపు తిరుగుతుంది. ఒక మిల్లీలీటరు నూనెను స్పిరిట్‌లో కలిపి, చిటికెడు పసుపు వేసి, లీటరు నీటికి గ్రాము చొప్పున కరిగించిన కాస్టిక్ సోడాను చుక్క చుక్కగా వదులుతారు. రంగు మారి నిలబడేసరికి ఎన్ని మిల్లీలీటర్లు పడిందో, లీటరు నూనెకు అన్ని గ్రాముల సోడా అదనంగా వేయాలన్నమాట. తాజా నూనెకు లీటరుకు మూడున్నర గ్రాములు సరిపోతుంది. బజ్జీల బండి నూనెకు దానికి రెట్టింపు కూడా పడుతుంది. అంతకు మించితే ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒక విడత శుద్ధి చేయక తప్పదు. ఫ్యాక్టరీలు చేసేది అదే.

వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించేవాళ్లు ఉన్నారు, వద్దు. మిథనాల్ విషం. కల్తీ సారా తాగి కళ్లు పోయాయని, ప్రాణాలు పోయాయని వినే వార్తల వెనుక ఉండేది చాలాసార్లు ఇదే. అంటుకుంటే మంట పగటి వెలుగులో సరిగా కనిపించదు కూడా. దాని నిల్వకు, అమ్మకానికి లైసెన్సులు ఉన్నాయి, ఉండాలి కూడా. మరో మాట. ఈ ఇంధనాన్ని స్వదేశీ అని పిలిచేటప్పుడు, దేశంలో వాడే మిథనాల్‌లో అత్యధిక భాగం దిగుమతే అన్నది కూడా కలుపుకోవాలి. నూనె పామాయిల్ అయితే అదీ చాలావరకు దిగుమతే.

కోరాపుట్ వైపు వెళ్తే ఇంకో చిక్కు ఉంది. పామాయిల్ నుంచి చేసిన బయోడీజిల్ పదిహేను డిగ్రీల దగ్గరే మసకబారి గడ్డకట్టడం మొదలెడుతుంది. సెమిలిగుడ, పొట్టంగి కొండల మీద చలికాలం రాత్రులు అంతకంటే బాగా కిందికి వెళ్తాయి. డిసెంబర్ తెల్లవారుజామున అక్కడ ముద్ద నూనె ప్యాకెట్‌ను వేణ్నీళ్లలో పెట్టి కరిగించుకునే వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. డీజిల్‌లో ఐదారు శాతం కలిపితే ఇబ్బంది లేదు, నూటికి నూరు పాళ్లు పోసుకుంటే మాత్రం బండి పొద్దెక్కాకే కదులుతుంది.

లెక్కలో లేని ఇల్లు

ప్రభుత్వం వైపు నుంచి కదలిక 2018లో మొదలైంది. ఆ ఏడాది జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టింది. ఆగస్టులో ఎఫ్ఎస్ఎస్ఏఐ రూకో పేరుతో వాడిన నూనె సేకరణ కార్యక్రమం ప్రకటించింది. 2019 మార్చి 1 నుంచి, రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు, తినుబండారాల తయారీదారులు లెక్క రాసి, వాడిన నూనెను గుర్తింపు ఉన్న సేకర్తలకే ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 10న ప్రభుత్వ చమురు కంపెనీలు 100 నగరాల్లో ఇలాంటి బయోడీజిల్‌ను కొంటామని ముందుకొచ్చాయి. ధర మొదటి ఏడాది లీటరు 51 రూపాయలు, రెండో ఏడాది 52.70, మూడో ఏడాది 54.50. ఆ పథకం కింద మొదటి ట్యాంకర్‌కు 2021 మే 4న అప్పటి పెట్రోలియం మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ జెండా ఊపారు. ఆయన ఒడిశా వారే, ట్యాంకర్ మాత్రం ఢిల్లీ టిక్రీకలాన్‌ది.

2019లో చమురు కంపెనీల ప్రకటన వచ్చినప్పుడు చెప్పిన అంకెలు జాగ్రత్తగా చదవాలి. దేశంలో ఏటా సుమారు 2,700 కోట్ల లీటర్ల వంటనూనె వాడతారు. అందులో 140 కోట్ల లీటర్లు సేకరించవచ్చు, దాన్నుంచి 110 కోట్ల లీటర్ల బయోడీజిల్ వస్తుంది. సేకరణ ఎక్కడి నుంచి? హోటళ్లు, రెస్టారెంట్లు, క్యాంటీన్ల వంటి పెద్ద వాడకందారుల నుంచి. ఇల్లు ఆ లెక్కలోనే లేదు. పోస్టర్ల మీద గృహిణి బొమ్మ ఉంటుంది, అంకెల్లో ఆమె ఉండదు. ఇది పొరపాటు కాదు, లెక్క వేసినవాళ్లకు తెలిసే వదిలేశారు.

ఎందుకు వదిలేశారో బరంపురంతోనే చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఊళ్లో మూడున్నర లక్షల పైచిలుకు మంది. ఇంటికి ఐదుగురు అనుకుంటే 70 వేల ఇళ్లు. ఒక్కో ఇల్లూ నెలకు పావు లీటరు ఇస్తుందనుకుందాం. చాలా ఉదారంగా వేసిన అంచనా ఇది. ఊరు మొత్తం ఇస్తే 17,500 లీటర్లు, అంటే నెలకు ఒక ట్యాంకర్. పదిళ్లలో ఒకటి ఇస్తే 1,750 లీటర్లు, పదిహేను కిలోల డబ్బాలు నూరు దాటుతాయి అంతే.

ఇప్పుడు డబ్బు సంగతి. బయోడీజిల్‌ను 2019 నాటి ధర 51 రూపాయలకు అమ్మాలంటే మిథనాల్, కరెంటు, రవాణా పోనూ ఫ్యాక్టరీ నూనెకు పెట్టగలిగేది మోటు లెక్కన 35, 40 రూపాయలు. పావు లీటరుకు ఇంటికి దక్కేది పది రూపాయలు. ఆ పది రూపాయల కోసం నెలంతా సీసా దాచి, వీధి చివరకు మోసుకెళ్లే ఇల్లాలు ఎవరు? పోనీ ఆమెకు ఏమీ ఇవ్వకుండా ఇంటికే వచ్చి తీసుకుంటామంటే, వచ్చేవాడి కూలి ఉంది. రోజుకు నూరు గడపలు ఎక్కి పదిళ్లలో ఒకరి దగ్గర పావు లీటరు చొప్పున తెస్తే చేతికి రెండున్నర లీటర్లు. వంద రూపాయల సరుకు కూడా కాదు. పాత పేపర్లు, ఇనుము కొనే తోపుడుబండివాడు ఈ నూనె జోలికి ఎందుకు పోలేదో ఈ లెక్కే చెబుతుంది. ఆయన ఎంబీఏ చదవకపోయినా ఈ వ్యాపారం గిట్టదని ముందే తేల్చుకున్నాడు.

హోటల్ దగ్గర సమస్య ఇంకోటి. అక్కడ నూనె ఉంటుంది, కానీ దానికి వేరే కొనుగోలుదారు కూడా ఉంటాడు. పెద్ద వంటశాలల్లో ఒకసారి వాడిన నూనె చిన్న ధాబాలకు, తోపుడుబండ్లకు చవగ్గా చేరుతుందని ఎఫ్ఎస్ఎస్ఏఐ చెబుతూనే ఉంది. 2021, 2022ల్లో వంటనూనె ధర మండిపోయినప్పుడు, ముఖ్యంగా 2022 ఏప్రిల్ చివరలో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసిన ఆ మూడు నాలుగు వారాల్లో, వాడిన నూనె కూడా బంగారమైంది. తాజా పామాయిల్ కంటే కాస్త తక్కువకు దొరికితే చాలు, బండివాడు కళ్లకద్దుకుని కొంటాడు. చమురు కంపెనీలు 2019లో ప్రకటించిన ధర మాత్రం ముందే రాసిపెట్టింది. అటువంటప్పుడు నూనె ఇంజిన్‌లోకి పోతుందా, మళ్లీ బాణలిలోకి పోతుందా? వేరే చెప్పక్కర్లేదు. దేశంలో డీజిల్‌లో కలుస్తున్న బయోడీజిల్ ఇటీవలి ఏళ్లలో ఒక శాతం లోపే ఉండిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

పైగా రోజుకు 50 లీటర్ల గీత ఒకటుంది. బరంపురంలో ఏ కూడలిలో చూసినా కనిపించే బరా, ఆలూచాప్ దుకాణాల్లో అత్యధికం ఆ గీత కింద ఉంటాయి. లెక్క రాయనక్కర్లేదు, సేకర్తకు ఇవ్వనక్కర్లేదు. అందరికంటే ఎక్కువసార్లు నూనె కాచేవాళ్లే నిబంధన బయట ఉన్నారు.

వచ్చిన దారినే

కాకినాడకు ఈ కథతో రెండు వైపుల నుంచీ బంధుత్వం ఉంది. ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో వచ్చే ముడి పామాయిల్ తూర్పు తీరంలో దిగే ముఖ్యమైన రేవుల్లో కాకినాడ ఒకటి. ఆ చుట్టుపక్కలే శుద్ధి కర్మాగారాల వరస. అక్కడ ప్యాకెట్లలోకెక్కే నూనె ఉత్తరాంధ్ర మీదుగా పై ఊళ్ల కిరాణా కొట్లకు చేరుతుంది. బయోడీజిల్ కర్మాగారం కూడా కాకినాడలోనే ఉంది. అమెరికాకు చెందిన ఎమెటిస్ సంస్థ అనుబంధ కంపెనీది, ఏటా లక్షన్నర టన్నుల సామర్థ్యంతో 2008లో మొదలైంది. అంటే వచ్చిన దారిలోనే జాతీయ రహదారి మీద నాలుగు వందల కిలోమీటర్లకు పైగా వెనక్కి పోతే, వాడిన నూనెకు గిరాకీ ఉంది.

కానీ ఆ ఫ్యాక్టరీ ఆకలి ముందు బరంపురం ఎంత? మొత్తం 70 వేల ఇళ్లూ ఏడాదంతా ఇచ్చినా 190 టన్నుల చిల్లర. లక్షన్నరలో అది వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. ఫ్యాక్టరీ మనకోసం ఎదురుచూడదు. ట్యాంకర్ నిండితే వస్తుంది, సగం ఖాళీగా రాదు. ట్యాంకర్ నిండేదాకా నూనెను ఎక్కడో ఒకచోట నిల్వ పెట్టాలి, అది కూడా నీరు చేరకుండా. కాగిన నూనె నిల్వ ఉన్నకొద్దీ ఆమ్లం పెరుగుతుంది, ధర తగ్గుతుంది.

దీని మీద ఇప్పుడు ఇంకో కన్ను పడింది, విమానాలది. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027 నాటికి 1 శాతం, 2028కి 2 శాతం, 2030కి 5 శాతం సుస్థిర ఇంధనం (వాడిన నూనె, వ్యర్థాల లాంటి వాటితో చేసేది) కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీకి వాడిన వంటనూనె నుంచి విమాన ఇంధనం తయారు చేయడానికి అంతర్జాతీయ ధ్రువీకరణ 2025 ఆగస్టులో వచ్చింది. ఏటా 35 వేల టన్నులు చేస్తామని చెప్పారు. యూరప్‌లో అయితే వాడిన నూనెతో చేసిన ఇంధనాన్ని పర్యావరణ లక్ష్యాల కింద రెట్టింపుగా లెక్కిస్తారు. అందువల్ల అక్కడ దీనికి ఎంత గిరాకీ అంటే, తాజా పామాయిల్‌నే వాడిన నూనె అని రాసి పంపుతున్నారన్న అనుమానాలు కూడా వచ్చాయి. వాడిన దాని విలువ వాడని దాన్ని మించిపోతే జరిగేది ఇదే.

బయోడీజిల్ పేరు మీద మోసం సంగతి గంజాం వాళ్లకు వేరే దారిలో కూడా తెలుసు. ఈ జిల్లా నుంచి సూరత్ మగ్గాల మీదకు వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. ఆ గుజరాత్‌లోనే 2020, 2021ల్లో బయోడీజిల్ బోర్డు పెట్టి ఏవేవో పెట్రోలియం ద్రావణాలు కలిపి అమ్మిన బంకుల మీద పోలీసులు వరసగా దాడులు చేశారు. అసలు బయోడీజిల్‌కు ఐఎస్ 15607 అనే ప్రమాణం ఉంది, అమ్మడానికి 2019 మార్గదర్శకాలున్నాయి. డీజిల్ లీటరు 90 రూపాయలు దాటాక గోపాలపురం తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల పడవలకు చవక ఇంధనం ఎంత ఊరటో అందరికీ తెలుసు. బయోడీజిల్ నీళ్లలో పడినా సూక్ష్మజీవుల వల్ల డీజిల్ కంటే త్వరగా విరిగిపోయే రకం కాబట్టి సముద్రానికి కూడా అదే మేలు. అయినా ఎవడో డ్రమ్ములో తెచ్చింది పోసుకుంటే పడవ నడిసంద్రంలో ఆగుతుంది. అసలు సరుకు కూడా పాత ట్యాంకులో పేరుకున్న మురికిని కడిగి ఫిల్టర్‌లోకి తెస్తుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. మొదటి నెలలో ఫిల్టర్ రెండుసార్లు మార్చుకోమని చెప్పేవాడే నిజాయతీ గల అమ్మకందారు.

తొక్కి చేసిన డీజిల్

బయోడీజిల్ ఈ నేలకు కొత్త కాదు. బరంపురం పక్కన మొహుదాలో గ్రామ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. 2000ల దశకం మధ్యలో, కెనడా బృందంతో కలిసి, సైకిల్ పెడల్ తొక్కితే తిరిగే చిన్న రియాక్టర్‌లో ఇప్ప, కానుగ, వలిసె నూనెల నుంచి బయోడీజిల్ చేసి చూపించింది. ఒక విడతకు కొద్ది లీటర్లే. దాంతో కరెంటు లేని గిరిజన పల్లెల్లో మంచినీటి పంపులు నడిపారు, అడుగున మిగిలిన గ్లిజరిన్‌తో సబ్బు చేశారు. సైజు చిన్నది కాబట్టి తీసిపారేసేవాళ్లున్నారు. కానీ ఆ ప్రయోగంలో ఒక తెలివి ఉంది. గింజ అక్కడే, రియాక్టర్ అక్కడే, పంపు అక్కడే. మోత ఖర్చు అన్నది లేదు. అదే కాలంలో దేశమంతా జత్రోపా అనే నూనెగింజల మొక్కను నాటిస్తామని బయలుదేరిన పెద్ద పథకం ఎక్కడికీ చేరలేదు. అయితే ఇప్ప నూనె కొండ మీద వంటకు, దీపానికి, తలకు కూడా పనికొస్తుంది. ఇంధనం ఎప్పుడూ ఆ వాడకాలతో పోటీ పడాల్సిందే, ఇప్పటి పామాయిల్ బజ్జీల బండితో పోటీ పడుతున్నట్టే.

ఇవాళ్టి బరంపురంలో మోత ఖర్చు లేని దారి ఒక్కటే కనబడుతుంది. అది చెత్త బండి. ఒడిశా పట్టణాల్లో తడి, పొడి చెత్తను వేరుగా సేకరించి, వార్డు స్థాయిలోనే ఎరువుగా మార్చే పద్ధతి కొన్నేళ్లుగా నడుస్తోంది. మహిళా సంఘాల సభ్యులు స్వచ్ఛ సాథీలుగా ఇంటింటికీ వెళ్లి చెబుతారు, బ్యాటరీ బండ్లు చెత్త తెస్తాయి, కంపోస్టు కేంద్రాల్లో తయారైన ఎరువును మో ఖత పేరుతో అమ్ముతారు. ప్లాస్టిక్, గాజు వేరు చేసే షెడ్లు కూడా ఉన్నాయి. ఆ బండి ఎలాగూ గడప ముందుకు వస్తుంది. నూనె కోసం ప్రత్యేకంగా ఎవరూ రానక్కర్లేదు. షెడ్డులో డ్రమ్ములు పెట్టడానికి చోటుంది, తూకం ఉంది, లెక్క రాసే మనిషి ఉన్నారు. లేనిదల్లా మూత బిగుతుగా ఉన్న ఒక డబ్బా, డ్రమ్ము నిండాక తీసుకెళ్లే సేకర్తతో ఒప్పందం.

అదికూడా రోజూ అక్కర్లేదు. పైన చెప్పుకున్నట్టు ఇంట్లో నూనె మిగిలేది ఏ రోజుల్లోనో ముందే తెలుసు. మార్గశిర గురువారాల మర్నాళ్లు, కనుమ తర్వాతి వారం, దీపావళి, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర నెల. ఆ రోజుల్లో మాత్రమే బండికి నూనె డబ్బా కడితే పావు లీటర్లు కాదు, లీటర్లే వస్తాయి. నూరు గడపలకు రెండున్నర లీటర్లని పైన వేసిన లెక్క ఆ వారంలో తలకిందులవుతుంది. పెళ్లి వంటవాళ్లను ఇందులో కలిపితే ఇంకా మేలు. రెండు పూటల పెళ్లి భోజనాల్లో మిగిలే నూనె ఒక వీధి నెలంతా ఇచ్చేదాని కంటే తక్కువ ఉండదు. వంటవాళ్లు ఇప్పుడు దాన్ని డబ్బాతో సహా ఎవరికి ఇస్తున్నారో అడిగే నాథుడు లేడు.

గీత కింద ఉన్న బరా బండ్ల సంగతి ఇంతకంటే కష్టం. బండివాడు నూనె పారబోయడు, దానిపైనే రేపటి నూనె పోస్తాడు. ఎన్ని అవగాహన సభలు పెట్టినా నల్లనూనె ఇచ్చేయమంటే ఇవ్వడు. నాలుగు కిలోల నల్లనూనెకు కిలో తాజా నూనె అని మార్పిడి పెడితే ఆలోచిస్తాడు. కిలో పామాయిల్ ధర, నాలుగు కిలోల వాడిన నూనె ధర పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మార్పిడిలో సేకర్తకు నష్టం వచ్చే అవకాశం తక్కువ. బేరం మూడుకు ఒకటి దగ్గర తెగినా ఫర్వాలేదు.

ఇక ఇంటి దగ్గర కావలసిన పనిముట్లు గరాటు, పాత పంచె ముక్క, ఖాళీ నూనె సీసా. నూనె బాగా చల్లారాక, నీళ్లు తగలకుండా వడగట్టాలి. అరిసెల నూనె అయితే ఒక రాత్రి ఆగి పైనున్న తేటను మాత్రం వంచుకుంటే బెల్లం మడ్డి అడుగునే ఉండిపోతుంది. ఆ మడ్డిని కాగితంలో చుట్టి తడి చెత్తలో వేయొచ్చు, తూములో మాత్రం వద్దు. సీసా మీద నెల రాసిపెడితే షెడ్డులో వాళ్లు పాతది ముందు, కొత్తది తర్వాత డ్రమ్ములోకి వంచుకుంటారు.